ఆటల గల్లీ: ముప్పై ఆరు చుక్కలు
(పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ లీగ్ స్కోరర్ జవాబులు)

ప్ర: సార్, బేస్‌బాల్‌లో వర్ణవివక్షను బద్దలుకొట్టింది ఎవరంటే అందరూ జాకీ రాబిన్సన్ అంటారు. మరి రెండోవాడెవరు?
– మల్కాజిగిరి పాఠకుడు

జ: లారీ డోబీ. రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ జట్టుకు ఆడాడు. డోబీ అదే ఏడాది జులై 5న క్లీవ్‌ల్యాండ్ జట్టులో దిగాడు. మధ్యలో పదకొండు వారాలు, అంతే. రాబిన్సన్‌ను ముందు ఏడాది మాంట్రియల్‌లో చిన్న లీగ్ ఆడించి అలవాటు చేశారు. డోబీకి అదీ లేదు. న్యూవార్క్‌లో నల్లవాళ్ల లీగ్ ఆడుతున్నవాణ్ని తిన్నగా పెద్ద లీగ్‌లోకి తెచ్చి నిలబెట్టారు. 1948 వరల్డ్ సిరీస్ (సీజన్ చివర జరిగే ఫైనల్ పోరు) నాలుగో ఆటను క్లీవ్‌ల్యాండ్ 2-1తో గెలిచింది, అందులో ఒక పరుగు డోబీ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది). ఆట అయ్యాక అతనూ, తెల్ల పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) స్టీవ్ గ్రోమెక్కూ చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫోటో ఒకటుంది, వెతికి చూడండి. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి రాబిన్సన్ 1962లో వెళ్తే డోబీని 1998లో పిలిచారు. రెండో నంబర్ టోకెన్‌వాణ్ని మరీ అంతసేపు కూర్చోబెడతారా!

ప్ర: సార్, మొన్న లీగ్ మ్యాచ్‌లో ఏడు వికెట్లు తీశాను. అయినా ఓడిపోయాం. మూడు రోజులు అన్నం సయించలేదు. బేస్‌బాల్‌లో ఇంతకంటే ఘోరం ఎవరికైనా జరిగిందా?
– ఉప్పల్ కుర్రాడు

జ: జరిగింది బాబూ. పేరు హార్వీ హాడిక్స్, పిట్స్‌బర్గ్ ఎడమచేతి పిచ్చర్. 1959 మే 26న మిల్వాకీలో, జలుబుతో ముక్కు చీదుకుంటూ బంతి అందుకున్నాడు. ఇన్నింగ్స్‌కు ముగ్గురు అవుట్ చొప్పున, తొమ్మిది ఇన్నింగ్స్‌లో 27 మందినీ బేస్ (పరుగు దారిలోని మజిలీ) ఎక్కనివ్వకుండా పంపితే దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. హాడిక్స్ ఆ 27 మందినీ పంపేశాడు. కానీ అతని జట్టువాళ్లు పన్నెండు హిట్లు కొట్టీ ఒక్క పరుగు చేయలేకపోయారు! దాంతో ఆట సాగింది. పది, పదకొండు, పన్నెండు. వరసగా 36 మంది అవుట్.

మన పేరేడ్ గ్రౌండ్స్‌లో మెయిడెన్ పడితే ఆరు చుక్కలు కలిపి ‘ఎం’ అక్షరం గీస్తాం కదా. ఒక వానాకాలం మ్యాచ్ ఆగిపోయినప్పుడు, స్కోర్‌బుక్ వెనక పేజీలో హాడిక్స్ కోసం చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పన్నెండు గళ్లు, గడికి మూడు. ఇరవై దాటేసరికి, ఫలితం తెలిసి కూడా, నాకే టెన్షన్.

పదమూడో గడిలో చుక్కలు ఆగిపోయాయి. మూడో బేస్ దగ్గర హాడిక్స్ జట్టువాడు డాన్ హోక్ విసిరిన త్రో తప్పింది, మిల్వాకీ ఆటగాడు మాంటియా బేస్ ఎక్కాడు. మాథ్యూస్ బంట్ ఆడి (బంతిని మెల్లగా తట్టి) అతన్ని రెండో బేస్‌కు చేర్చాడు. హ్యాంక్ ఆరన్‌కు కావాలనే బంతులు అందకుండా వేసి, మొదటి బేస్‌కు ఊరికే పోనిచ్చారు. తర్వాతివాడు జో ఆడ్‌కాక్ బంతిని ఫెన్స్ దాటించాడు. ఇక్కడొక తమాషా. ఆట అయిపోయిందనుకుని ఆరన్ దారి వదిలేశాడు, వెనక పరిగెడుతున్న ఆడ్‌కాక్ అతన్ని దాటేశాడు. రన్నర్‌ను రన్నర్ దాటకూడదు. హోమ్ రన్ కాస్తా డబుల్‌గా (రెండు బేస్‌ల హిట్‌గా) మారింది, స్కోరు 1-0 అని తేల్చారు. ఒకటైనా మూడైనా ఓటమి ఓటమే అనుకో.

అక్కడితో అయిపోలేదు. ఆట ముగిసేదాకా ఒక్క హిట్టూ పడకపోతేనే నో-హిట్టర్ అని 1991లో లీగ్ వాళ్లు నిర్వచించి, ఆ జాబితాలోంచి హాడిక్స్‌ను తీసేశారు. రూల్ రూలే, ఒప్పుకుంటాను. కానీ స్కోరర్‌గా నాకు మనసొప్పదు. ఒకసారి లెగ్ బైని పరుగుగా రాసి ఒక కుర్రాడి మెయిడెన్ చెడగొట్టాను. ఇరానీ చాయ్ తాగుతుంటే వాడే వచ్చి పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. హాడిక్స్‌కు అలా వేలు పెట్టి చూపించడానికి తప్పంటూ ఏదీ లేదు కదా.

ఇంకో సంగతి. 1960 అక్టోబర్ 13న వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో పిట్స్‌బర్గ్ 10-9తో న్యూయార్క్ జట్టు యాంకీస్‌ను ఓడించింది. అందరికీ గుర్తున్నది చివర్లో మజెరోస్కీ కొట్టిన హోమ్ రన్. ఆ ఆట స్కోర్‌బుక్‌లో గెలిచిన పిచ్చర్ పేరుండే చోట చూడు. హాడిక్స్ అని ఉంటుంది.