పెరట్లో పెద్దమ్మ: కోళ్ల ముచ్చట్లకి జవాబులు

ప్రశ్న: పెద్దమ్మగారూ, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే వీలు దొరికింది. హైదరాబాదు వదిలి మా తాతగారి పాత పెంకుటింటికి వచ్చేశాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు. ఇంటికి సరిపడా గుడ్లూ మాంసం వచ్చేలా కోళ్లు పెంచాలని ఉంది. గొడ్లసావిడి ఖాళీగా ఉంది కదా, అందులోనే పెట్టేద్దామనుకుంటున్నాను. ఒకాయన 50 పిల్లల్ని కొనమన్నాడు. కొనమంటారా? ఇంకో టెన్షన్, మావాడు ఇప్పట్నుంచే కోళ్లకి పేర్లు వెతుకుతున్నాడు. రేపు కోయాలంటే ఎలా?
(ఏలూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: 50 పిల్లలు వద్దు నాయనా. తల్లి లేని పిల్లలకి మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి ఐదేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. అర్ధరాత్రి కరెంటు పోయిందంటే అన్నీ ఓ మూలకి చేరి ఒకదాని కింద ఒకటి నలిగి చస్తాయి. ఊళ్లో అడిగి, పొదుగుకొచ్చిన నాటు పెట్టని ఒకదాన్ని కొనుక్కోండి. పగలు తెస్తే బెదిరి లేచిపోతుంది. చీకటి పడ్డాక గంపలో తెచ్చి గుడ్ల మీద కూర్చోబెట్టండి. 10, 12 గుడ్లు, 21 రోజులు, అంతే. పిల్లలకి వెచ్చదనం ఇవ్వడం, మేత చూపించడం, గద్ద కనిపిస్తే రెక్కల కింద దాచడం అన్నీ అదే చూసుకుంటుంది.

ఏ గుడ్లు పెట్టాలంటారా? నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన గ్రామప్రియ అయితే, మేపు బాగుంటే 200 దాకా పెడుతుంది. కానీ అది పొదగదు. అందుకని గ్రామప్రియ గుడ్లు తెచ్చి నాటు పెట్ట కింద వేయండి. కూర సంగతి అడిగితే మాత్రం నేను నాటుకోడి వైపే, ఆర్నెల్లు ఆగాల్సొచ్చినా సరే.

ఇక ఆ సావిడి. మట్టిగోడ, పగుళ్లు ఉండే ఉంటాయి. అందులో కోడిపిడుదులు కాపురం ఉంటాయి. పగలంతా పగుళ్లలో దాక్కుని, రాత్రి బయటికొచ్చి రక్తం తాగి మళ్లీ లోపలికి పోతాయి. పగలు ఎంత వెతికినా కోడి ఒంటి మీద పెద్ద పిడుదు కనపడదు. కోడి నెత్తి మీది ఎర్ర జుట్టు పాలిపోతుంది, గుడ్లు ఆగిపోతాయి, మనం మేత చాల్లేదనుకుని ఇంకో చేటెడు నూకలు వేస్తాం. తిండి లేకుండా నెలల తరబడి బతికే పురుగు అది, ఖాళీ పాకే కదా అని నమ్మొద్దు. ముందు పగుళ్లన్నీ మట్టితో మెత్తి, పైన చిక్కగా సున్నం కొట్టించండి. కోళ్లు పడుకునే కర్రల్ని గోడకి ఆనించకుండా విడిగా స్టాండు మీద పెట్టండి. కోళ్లు వచ్చాక అప్పుడప్పుడూ రాత్రి టార్చి వేసి చూస్తూ ఉండండి. తలుపు కింద సందు ఉంటే దానికి రేకు కొట్టించండి, ముంగిసకి అంత సందు చాలు. ఇంటి పైకప్పులో ఎలుకలుంటే వాటి వెనకే పాము వస్తుంది, కాబట్టి నూకలూ తవుడూ మూతున్న డబ్బాలో ఉంచాలి.

కొక్కెర తెగులు వస్తే ఒక్క వారంలో పెరడు ఖాళీ. అది రాకుండా టీకాలు వేయించాలి: పిల్లలకి 5, 7 రోజుల మధ్య లసోటా అనే టీకా చుక్క కంట్లో, నెల దాటాక మరోసారి, 8 వారాలకి రెక్క దగ్గర ఆర్‌టుబి అనే టీకా సూది. చిక్కేమిటంటే, ఒక్కో సీసాలో వందా అంతకు మించి కోళ్లకి సరిపోయే మందు ఉంటుంది. కలిపాక ఐసులో పెట్టి రెండు గంటల్లో వాడేయాలి. అందుకని పశువుల ఆసుపత్రిలో అడిగి రోజు ఖాయం చేసుకుని, వీధివీధంతా ఆ రోజే వేయించుకోండి. పక్కింటి కోడికి టీకా లేకపోతే మీకూ భయమే.

మీవాడి సంగతి. పెట్టలకి పేర్లు పెట్టుకోనివ్వండి, అవి గుడ్ల కోసం ఏళ్ల తరబడి ఉంటాయి. పిల్లల్లో ఇంచుమించు సగం పుంజులే. పది పెట్టలకి ఒక పుంజు చాలు, మిగిలినవి ఎలాగూ తన్నుకు చస్తాయి. అవి కూరకేనని వాడికి మొదట్నుంచే చెప్పండి. కోయడం మీకు చేతకాకపోతే మాంసం కొట్టువాడు డబ్బు తీసుకుని కోసిపెడతాడు. ముందు రోజు రాత్రి మేత ఆపి నీళ్లు మాత్రం పెట్టండి. ఈకలు పీకాక పసుపు రాసి మంట మీద కాల్పించడం మర్చిపోవద్దు. అది లేకపోతే నాటుకోడి ఎందుకు?

ప్రశ్న: పొదగేసిన గుడ్లలో సగం మురిగిపోతున్నాయి. పెట్ట లోపమా?
(కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పెట్టనేమీ అనకమ్మా. వారం దాటిన గుడ్లు, ఫ్రిజ్‌లో పెట్టినవి, కడిగినవి పొదగేయొద్దు. ఏడో రోజు రాత్రి గుడ్డుని టార్చి ముందు పెట్టి చూడు. సన్నటి నరాలు కనపడితే పిల్ల ఉన్నట్టు, తేటగా ఉంటే తీసేయి. చాలా గుడ్లు తేటగానే ఉంటే మీ పుంజుని మార్చాలి. ఎండలు ముదిరిన నెలల్లో అసలు పొదగేయకు.