ఫ్రాన్సెస్ బ్రౌన్ గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వ్యాసం నిదానంగా చదివాను. పంతొమ్మిదో శతాబ్దపు ఐరిష్ కవయిత్రి ఫ్రాన్సెస్ బ్రౌన్‌ని ఎంచుకున్నందుకు చాలా సంతోషం. మన దగ్గర ఆ పేరు విన్నవాళ్లు తక్కువ. అయితే నీ మొదటి పేజీ నిండా చీకటే ఉందమ్మా. చీకటి బతుకు, చీకటి లోకం, చీకట్లో దీపం. ఏడాదిన్నర వయసులో మశూచి వచ్చి చూపు పోయిన మనిషికి వెలుతురు ఎలా ఉంటుందో గుర్తుండే అవకాశం తక్కువ. కళ్లు మూసుకుంటే మనకు కనిపించే చీకటిని నువ్వు ఆమెకు అంటగట్టావు. ముందు ఆ పేజీ కొట్టేయి.

దాని బదులు ఆ ఇంటితో మొదలుపెట్టు. ఐర్లాండ్‌లోని డోనెగల్ కౌంటీ, స్ట్రనోర్లార్ అనే చిన్న ఊరు. తండ్రి పోస్ట్‌మాస్టర్. 1816లో పుట్టిన ఈ పిల్ల పన్నెండు మందిలో ఏడోది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ బడి పాఠాలు పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినేది, నోటికి పట్టేసేది. ఇంకా వినాలనిపిస్తే వాళ్లతో ఒప్పందం పెట్టుకునేది: మీ వంతు ఇంటిపని నేను చేస్తాను, మీరు నాకు పుస్తకం చదివి పెట్టండి.

నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నా దృష్టిలో ఆమె జీవితమంతా ఇక్కడే ఉంది. చదివేవాళ్లకు విసుగొస్తే కథ మధ్యలోనే ఆగిపోతుంది. అర్థం కాని చోట తనంతట తాను పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు. రాబిన్సన్ క్రూసో, ఆఫ్రికాలో మంగో పార్క్ అనే అన్వేషకుడు చేసిన ప్రయాణాలు, అన్నీ ఆమె దగ్గరికి ఎవరో ఒకరి గొంతులోంచే వచ్చాయి. విన్నప్పుడే పట్టుకోవాలి, లేదంటే మళ్లీ ఇంకెవరినో బతిమాలాలి. అంత కష్టపడి సంపాదించిన చదువు ఇది. జాలి వద్దు, ఆ శ్రమ చూపించు.

ఇంకో చోట కూడా నీతో ఏకీభవించలేను. ఇంగ్లీషు కవి పోప్ అనువాదంలో గ్రీకు కావ్యం ఇలియడ్ విన్నాక ఆమె తన తొలి పద్యాలను తగలబెట్టేసింది. తర్వాత మరో ఇంగ్లీషు కవి బైరన్ కవిత్వం విని, ఇక పద్యం జోలికే పోనని నిర్ణయించుకుంది. 1840లో ఐరిష్ పాటల పుస్తకం ఒకటి విన్నాకే మళ్లీ మొదలుపెట్టింది. నువ్వు ఆ నిరాశను అంధత్వం ఖాతాలో వేశావు. ఎందుకు? గొప్ప కవిత్వం ముందు తన పద్యం వెలవెలబోయిందని అనిపించిన కవి ఎవరైనా చేసే పనే అది. అక్కడ ఆమె అచ్చంగా నీలాంటి, నాలాంటి మనిషి.

1844లో మొదటి పుస్తకం వచ్చింది. అప్పటి బ్రిటన్ ప్రధాని రాబర్ట్ పీల్ ఏడాదికి 20 పౌండ్ల పింఛను ఇప్పించాడు. నువ్వు దాని మీద పేరా అంతా ఖర్చుపెట్టావు. అది కుదించు. ఆమె రాసి బతికిన మనిషి. 1847లో ఎడిన్‌బరో, 1852లో లండన్ చేరింది, పత్రికలకు పద్యాలూ కథలూ వ్యాసాలూ ఇచ్చింది, నవలలు రాసింది. పిల్లల కోసం చెప్పిన కథల్లో ఒక కుర్చీ ఉంటుంది. అడిగితే చాలు, కథ చెబుతుంది. కథ కోసం ఇంటిల్లిపాదినీ బతిమాలిన పిల్లే పెద్దయ్యాక ఆ కుర్చీని ఊహించిందని తలుచుకుంటే నాకు గుండె నిండిపోతుంది.

ఎడిన్‌బరోకి వెంట వెళ్లింది తోబుట్టువు రెబెకా. చదివి వినిపించిందీ, చెప్పింది రాసిపెట్టిందీ ఆమే. నీ వ్యాసంలో రెబెకా పేరే లేదు. ఆమెకు చోటివ్వు.

శీర్షిక కూడా మార్చు. అల్‌స్టర్ అంటే ఆమె పుట్టిన ఉత్తర ఐర్లాండ్ ప్రాంతం; అప్పటి వాళ్లు ఆమెను ‘అల్‌స్టర్ అంధ కవయిత్రి’ అన్నారు. నువ్వూ అదే పెట్టావు. ఆమె పేరు పెడితే చాలు.

చివరగా ఒక పని చెబుతాను. ఇన్ని పేజీల్లో ఆమె పద్యం ఒక్కటి కూడా చర్చించలేదు నువ్వు. ఒకటి ఎంచుకుని మీ తమ్ముడి చేత పైకి చదివించు. పుస్తకం వైపు చూడకు. ఏ పాదం గుర్తుండిపోయిందో, ఎక్కడ పట్టు తప్పిందో రాసుకో. ఆ పద్యం బాగాలేదనిపిస్తే మొహమాటపడకుండా అదే రాయి. కవయిత్రిగా ఆమెకు ఆ గౌరవం దక్కాలి. తిరగరాశాక నాకు పంపు, ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
నీ పెద్దమ్మ