అచ్చుయంత్రం లేని రోజుల్లో యూరప్ మఠాల్లో పాత గ్రంథాలను ఎలా కాపీ చేసి కాపాడారు?

ఎక్కువగా చర్మం మీద, చేత్తో. దూడ, గొర్రె, మేక చర్మాలను సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టేవారు. ఇంగ్లండ్‌లోని వేర్‌మత్-జారో మఠంలో 716కు ముందు రాసిన ఒక్క బైబిల్‌కే సుమారు 500 చర్మాలు పట్టాయట. ఖర్చు ఊహించుకోండి!

సిరాకు మాచికాయలు (ఓక్ చెట్ల మీద వచ్చే బుడిపెలు), అన్నభేది (ఒక ఇనుప లవణం), జిగురు కలిపేవారు. గీతలు కొట్టుకున్నాక రాత మొదలు. కుడిచేతిలో ఈక కలం, ఎడమచేతిలో చాకు. పైకి లేచే చర్మాన్ని ఆ చాకుతోనే అదిమిపట్టేవారు, తప్పు పడితే దానితోనే గీకేసేవారు. తర్వాత ఇంకొకరు మూలంతో సరిచూడాలి. అయినా తప్పులు దొర్లేవి. ఒకే పదం రెండు చోట్ల ఉంటే రాసేవారి చూపు మొదటిదాని నుంచి రెండోదానికి జారి, మధ్యలోని పంక్తులు ఎగిరిపోవడం మామూలే.

కాపాడటం అంటే నిజానికి మళ్లీ మళ్లీ రాయడమే. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన ‘ఆనల్స్’ మొదటి ఆరు భాగాలు మనకు దక్కింది 9వ శతాబ్దపు ఒకే ఒక్క ప్రతి వల్ల. అది జర్మనీ మఠాల పుణ్యం.

అలాగని అన్నీ భద్రంగా దాచారనుకోకండి. చర్మం ఖరీదు కదా, పాత రాత గీకేసి కొత్తది రాసేవారు. 13వ శతాబ్దంలో గ్రీకు క్రైస్తవ ప్రపంచంలో ఆర్కిమెడీస్ గణితాన్ని ఇలాగే చెరిపి ప్రార్థనలు రాశారు. ఆ ప్రార్థన పుస్తకం కాబట్టే దాన్ని ఎవరూ పారేయలేదు. అడుగున మిగిలిన గణితాన్ని 1906లో డెన్మార్క్ పండితుడు హైబర్గ్ గుర్తుపట్టాడు.