ఉన్నవాడు అనే మాట గురించి

అమ్మాయీ,

ఆశీస్సులు. ఉభయకుశలోపరి. కథ అందింది, రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో ఎర్ర సిరా పెన్ను ఉంది, కోపగించుకోకు.

నీ పారిశ్రామికవేత్తను చూస్తే నా చిన్నప్పటి సినిమాల్లో ప్రతినాయకుడు గుర్తొచ్చాడు. పట్టు గౌను, నోట్లో చుట్ట, పక్కన వేటకుక్క. మంత్రికి సూట్‌కేసు అందిస్తాడు, మర్నాటికి పన్ను తగ్గుతుంది. పాఠకుడికి కోపం వస్తుంది గానీ అదంతా ఆ కుక్క మీదే ఖర్చయిపోతుంది. అసలు సంగతి ఎలా జరిగిందో చూడు. 2019 సెప్టెంబరు 20, శుక్రవారం. జీఎస్టీ మండలి సమావేశానికి గోవా వెళ్లిన ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ విలేకరులను పిలిచారు. మినహాయింపులు వదులుకునే కంపెనీలకు లాభాల మీద మూల పన్ను 22 శాతం అన్నారు. అంతవరకు పెద్ద కంపెనీలకు అది 30. కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకైతే 15. ఖజానాకు ఏటా లక్షా 45 వేల కోట్లు తగ్గుతుందని కూడా ఆవిడే చెప్పారు. ఆ రోజు సెన్సెక్స్ 1,900 పాయింట్లకు పైగా ఎగిరింది. సూట్‌కేసు లేదు, చీకటి గది లేదు. పట్టపగలు, మైకుల ముందు, ఒక ఆర్డినెన్సు. ఈ మామూలుతనాన్ని రాయడం కష్టం. అందుకే రాయమంటున్నాను.

అవతలి వాదన చెప్పడానికి ఒక తెలివైన పాత్ర కూడా కావాలి. పన్ను తగ్గితే పెట్టుబడి వస్తుంది, వియత్నాం వెళ్లే ఫ్యాక్టరీ మన దగ్గర ఆగుతుంది అని మనస్ఫూర్తిగా నమ్మేవాళ్లున్నారు. కొన్నాళ్లు నేనూ నమ్మాను. వాళ్లకు జవాబు నినాదాల్లో వెతక్కు, ప్రభుత్వ పత్రాల్లో వెతుకు. 2023-24 ఆర్థిక సర్వే తీస్తే, 2020, 2023 ఆర్థిక సంవత్సరాల మధ్య 33 వేలకు పైగా కంపెనీల పన్నుకు ముందరి లాభం దాదాపు నాలుగింతలయిందని, నియామకాలూ జీతాలూ ఆ వేగాన్ని అందుకోలేదని ఉంటుంది. నీ పాత్ర చేత ఆ పేజీ చదివించు, వ్యాఖ్యానం చేయించకు.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. రేషన్ బియ్యాన్ని 'ఉచితం' అన్నావు, కంపెనీకి దక్కినదాన్ని 'ప్రోత్సాహకం' అన్నావు. పేదరాలి పక్షాన నిలబడి రాస్తూ కూడా! రోజూ చదివే మాటలే చేతికి వచ్చాయి, నిజమే. కానీ మన పని ఆ చేతిని ఆపడమే. కేంద్ర బడ్జెట్ పత్రాల్లో 'వదులుకున్న రాబడి' అని ఒక పట్టిక ఉండేది. తరువాత దాని పేరు పన్ను ప్రోత్సాహకాల ప్రభావం అని మారింది. వదులుకున్నది అంటే ఎవరు, ఎవరి కోసం అని అడగబుద్ధవుతుంది. కొత్త పేరు అడగనివ్వదు.

తెలుగు మాట ఒకటి నీకు సాయం చేస్తుంది. ధనవంతుణ్ణి మనం 'ఉన్నవాడు' అంటాం, 'సంపాదించేవాడు' అనం. పన్ను మటుకు ఎక్కువగా సంపాదన మీదే. ఉన్నదాని మీద పడే ఎస్టేట్ డ్యూటీని (చనిపోయినవాళ్లు వదిలివెళ్లిన ఆస్తి మీద పన్ను) 1985లో, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. వసూలయ్యేది స్వల్పం, శ్రమ ఎక్కువ అన్నారు. సంపద పన్ను బదులు కోటి దాటిన ఆదాయాల మీద అదనపు సర్‌చార్జి, అంటే పన్ను మీద పన్ను, వేశారు. 2022-23లో దేశాదాయంలో పై ఒక్క శాతం జనం వాటా 22.6 శాతం, సంపదలో 40.1 శాతం అని ప్రపంచ అసమానతల పరిశోధనశాల అంచనా. ఆ రెండు అంకెల మధ్య ఎడమే 'ఉన్నవాడు' అన్న మాటకు అర్థం. నీ కథకు ఇల్లు అక్కడ కట్టు.

నాలుగో పేజీలో సబ్బు సన్నివేశాన్ని ముట్టుకోకు. కోడలు బిళ్లను దారంతో రెండుగా కోసి, ఒక ముక్కను బియ్యం డబ్బాలో దాచడం నలభై ఏళ్లుగా రాస్తున్న నాకు తట్టలేదు. కాస్త అసూయ కలిగింది కూడా. అయితే సబ్బు మీద జీఎస్టీ 18 శాతం అన్నావు. ఒంటి సబ్బుకు 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5. నీ కథ ఆ తేదీకి ముందు జరిగిందో తరువాత జరిగిందో తేల్చుకుని, సంక్రాంతిలోగా మళ్లీ పంపు.

ఇట్లు,
మాస్టారు