తదియా, తృతీయా? ‘తద్ది’ తప్పు మాటా?

సందేహం: విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకురాలు ఇలా రాశారు. “మా అత్తగారు ‘అక్షయ తదియ’ అంటారు. బంగారం షాపుల హోర్డింగుల మీద ‘అక్షయ తృతీయ’ అని ఉంటుంది. మా అమ్మాయేమో ‘అట్లతద్ది అంటావు, తద్ది అనే తిథి క్యాలెండర్లో లేదుగా’ అని నిలదీసింది. తదియ, తద్ది, చవితి అనేవి పల్లెటూరి మాటలా? పిల్లలకు తృతీయ, చతుర్థి అనే నేర్పాలా? షష్ఠికి ఏ వత్తు రాయాలో కూడా చెప్పండి.”

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాటలో తప్పేమీ లేదు. తృతీయ అని పలకడం చేతగాక జనం తదియ అన్నారని బాగా చదువుకున్నవాళ్లే నమ్ముతున్నారు. ఆ నమ్మకం పోవాలని నాకు ఎన్నాళ్లుగానో ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సంస్కృతంలో తృతీయా. ప్రాకృతాల్లోకి వచ్చేసరికి మొదటి అక్షరంలోని ఋకారం పోయింది. అక్కణ్ణుంచి ఒక్కో ప్రాకృతం ఒక్కో దారి పట్టింది. మహారాష్ట్రీ ప్రాకృతం నడిమి తకారాన్ని పూర్తిగా వదిలేసి ‘తఇఅ’ అంది. శౌరసేని వదలకుండా మెత్తబరిచి ‘తదిఅ’ అంది. సంస్కృత నాటకాల్లో రాణులూ చెలికత్తెలూ మాట్లాడేది ఈ శౌరసేనే. మన తదియలో ఆ దకారం చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. అచ్చు పక్కన అచ్చు ఉంటే తెలుగు నోటికి పడదు కనుక మధ్యలో యకారం వచ్చి చేరింది, అంతే. కన్నడిగులు ఇదే మాటను ‘తదిగె’ అంటారు. కాబట్టి ఇది ఎవరి నాలుకో తిరగక పుట్టిన మాట కాదు, తరతరాల వాడుకలో నలిగి మనదాకా వచ్చిన తద్భవం.

విదియ సంగతి ఇంకా బాగుంటుంది. ద్వితీయలో మొదట దకారం, వకారం జంటగా ఉన్నాయి. ఉత్తరాదివాళ్లు కొందరు ద ఉంచుకుని వ వదిలేశారు, వాళ్లకు ‘దూజ్’ మిగిలింది. మనం వ ఉంచుకుని ద వదిలేశాం, విదియ అయింది. కార్తీక శుద్ధ విదియనాడు మనం భగినీహస్త భోజనం అంటే, వాళ్లు భాయి దూజ్ అంటారు. తిథి ఒకటే, అన్నకు చెల్లెలు అన్నం పెట్టే ఆచారమూ ఒకటే, మాటకు మూలమూ ఒకటే. అలాగే వాళ్ల ‘తీజ్’ మన తదియే, ‘చౌథ్’ మన చవితే. చతుర్థీ ప్రాకృతంలో చఉత్థీ అయింది. అక్కడ కూడా రెండు అచ్చుల నడుమ మనకు వకారం వచ్చి చవితి తయారైంది. మరాఠీల గుడీ పాడవాలోని పాడవాకూ మన ఉగాది పాడ్యమికీ చుట్టరికం ఉంది. పాడ్యమి చివరి ‘మి’ మాత్రం పంచమి, సప్తమి, అష్టమి వరసలో పడి వచ్చి చేరిందని నా అభిప్రాయం.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. తదియ అని వేగంగా అంటే నడిమి ఇకారం నిలవదు. కన్య కన్నె అయినట్టు, విద్య విద్దె అయినట్టు, తదియ తద్దె అయింది. ఆ తద్దే తద్ది. ఇప్పటికీ ‘అట్లతద్దె’ అనే ఇళ్లున్నాయి. ఆశ్వయుజ బహుళ తదియనాడు తెల్లవారకముందే లేచి, చద్ది తిని, వీధిలోకొచ్చి ‘అట్లతద్దోయ్ ఆరట్లోయ్’ అని అరిచే ఆడపిల్లల నోట తద్ది కాక ఇంకేం పలుకుతుంది? అక్కడ ‘అట్ల తృతీయోయ్’ అని అనిపించి చూడండి, ఆ ఊపు మొత్తం పోతుంది. భాద్రపద బహుళ తదియకు ఉండ్రాళ్ల తద్ది అని పేరు. అదీ ఇంతే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. మన ఊళ్లో నేవీ ఉద్యోగాల కోసం వచ్చిన ఉత్తరాది కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్లలో అట్లతద్ది మర్నాడు, అంటే బహుళ చవితినాడు, సాధారణంగా కర్వా చౌథ్ జరుగుతుంది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది, వాళ్లకు పున్నమితో. అందుకే అదే పక్షం మనకు ఆశ్వయుజం, వాళ్లకు కార్తీకం. రెండింట్లోనూ పగలంతా ఉపవాసం, రాత్రి చంద్రుణ్ణి చూశాకే భోజనం. అయితే ఒక తిథి తేడా ఉంది, పూజలో తేడా ఉంది. టీవీ యాంకర్లు అట్లతద్దిని ‘ఆంధ్రా కర్వా చౌథ్’ అని పరిచయం చేయడం నాకు కష్టంగా ఉంటుంది. ఇంట్లో పేరు ఉండగా పక్కింటి పేరుతో పిలవడం ఎందుకు?

సామెత కూడా గుర్తు చేసుకోండి. ‘విదియనాడు కనబడకపోతే తదియనాడు తానే కనబడుతుంది’ అంటారు నెలవంకను. ఇందులో ద్వితీయ, తృతీయ పెడితే సామెతే ఉండదు.

అయితే నాలుగు దాటాక అన్నీ సంస్కృత రూపాలేనా అని మీకు అనుమానం రావచ్చు. పంచమి, నవమి ప్రాకృతంలోనూ పంచమి, నవమే. చిన్నయ సూరి తత్సమాన్ని ‘సంస్కృత ప్రాకృత తుల్యంబగు భాష’ అన్నాడు కదా, ఆ నిర్వచనానికి వీటిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. ఏకాదశిని జనం ఏకాశి చేసుకున్నారు. పూర్ణిమ పున్నమి అయింది.

మరి ఏది వాడాలి? పురోహితుడు సంకల్పంలో ‘తృతీయాయాం శుభతిథౌ’ అంటాడు. అది సంస్కృత వాక్యం, అక్కడ అలాగే ఉండాలి. సంకష్టహర చతుర్థి ఆ పేరుతోనే స్థిరపడింది. అక్షయ తృతీయ కూడా తప్పు కాదు, రెండు పదాలూ సంస్కృతమే కనుక సమాసం చక్కగా కుదురుతుంది. అయినా నేను అక్షయ తదియ అనే అంటాను. సింహాచలంలో చందనోత్సవం జరిగేది వైశాఖ శుద్ధ తదియనాడే. అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కసారి కనిపించే రోజు అది. ఆ రాత్రి మూడు మణుగుల చందనం పూస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మిగతా విడతలు. ఈ లెక్క ఈ ఊళ్లో పెద్దవాళ్లకు నోటికి వచ్చు, అదీ తదియలతో, పున్నములతోనే. నాగుల చవితిని మాత్రం ‘నాగుల చతుర్థి’ చేయకండి. ‘నాగుల’ అని తెలుగు బహువచనం ముందుండగా చతుర్థి అతకదు, కావాలంటే నాగచతుర్థి అనండి. వినాయక చవితికి చతుర్థి అనడం ఈమధ్య స్కూలు సర్క్యులర్లలోనూ చూస్తున్నాను. మానుకుంటే మంచిది.

తృతీయ అనే రాయదలచుకుంటే సరిగ్గా రాయమనండి. హోర్డింగుల మీద ‘త్రితీయ’ చూస్తున్నాను, అది ఏ భాషలోనూ లేదు. ‘చతుర్ధి’ అని ధ పెడుతున్నారు, కావలసింది థ. ఇక షష్ఠి: ఆరో తిథికి ష కింద ఠ వత్తు, సుబ్బారాయుడి షష్ఠి. ట వత్తు పెడితే షష్టి, అంటే అరవై. అది షష్టిపూర్తికి.