గీజర్ సాకెట్ వేడెక్కుతోందా? బోర్డు కంటే ముందు వైరు చూడండి

అన్నా, హనుమకొండలోని మీ పాత ఇంట్లో గీజర్ వేసిన కాసేపటికే సాకెట్ వేడెక్కి కాలిన వాసన వస్తోంది, బోర్డు మారిస్తే సరిపోతుందా అని అడిగారు. ఒక్క బోర్డుతో సరిపోదు.

2000 వాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మీ చెక్క బోర్డు మీద ఉన్న నల్ల బేకలైట్ సాకెట్ 5 ఆంపియర్లది. పెద్ద ప్లగ్ పట్టక కన్వర్టర్ పెట్టామన్నారు చూడండి, సగం జబ్బు అక్కడే ఉంది. అది ఇవాళే తీసేయండి.

మెయిన్ బోర్డు నుంచి గీజర్‌కు విడిగా లైన్ లాగించండి. కనీసం 2.5 చదరపు ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, స్విచ్, ఎంసీబీ (లోడ్ మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) కావాలి. గోడలో పాత అల్యూమినియం వైరు ఉంటే దానికే రాగి వైరు మెలిపెట్టి టేపు చుడతామనే ఎలక్ట్రీషియన్‌ను పెట్టుకోకండి. ఆ జాయింటు లూజై మళ్లీ కాలుతుంది.

అన్నిటికంటే ఎర్తింగ్ ముఖ్యం. పాత ఇళ్లలో చాలాచోట్ల రెండే వైర్లు ఉంటాయి, ఎర్త్ వైరు ఉండదు. కొందరు సాకెట్‌లో న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే గీజర్ బాడీకే కరెంటు వస్తుంది, చాలా ప్రమాదం. సరైన ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును భూమిలోకి దింపే గుంత) తీయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా ఇక్కడ బేరాలు వద్దు.

రూమ్ హీటర్ కూడా కొంటామన్నారు కాబట్టి దానికి మరో లైన్ ఇప్పుడే వేయించండి. పని అయ్యేదాకా నీళ్లు గ్యాస్ మీద కాచుకోండి. అదే సాకెట్‌లో వాటర్ హీటర్ రాడ్ మాత్రం పెట్టకండి.