మూలన దాక్కుంటున్న నియాన్ టెట్రాలు

తిరుపతిలో బోరు నీటితో నింపిన మీ 60 లీటర్ల తొట్టెలో 4 నియాన్ టెట్రా చేపలు రంగు తగ్గి, మూలనే దాక్కుంటున్నాయని రాశారు. సంఖ్య తక్కువ కావడమే దీనికి ప్రధాన కారణమని నా అభిప్రాయం. అమెజాన్ పరీవాహకంలో పెద్ద గుంపులుగా బతికే ఈ చేపలు కనీసం 8 ఉంటేనే భయం లేకుండా తిరుగుతాయి. అయితే తొందరపడి కొత్తవాటిని కలపకండి: ముందు పరీక్ష కిట్‌తో నీటిలో అమ్మోనియా, నైట్రైట్ (చేపల వ్యర్థాల వల్ల ఏర్పడే విషపదార్థాలు) సున్నా ఉన్నాయని నిర్ధారించుకొని, తెచ్చిన చేపలను కొన్ని వారాలు వేరే తొట్టెలో గమనించిన తర్వాతే వదలండి, ఎందుకంటే దుకాణం నుంచి వచ్చే రోగం మీ దగ్గర ఇప్పటికే ఉన్న చేపలనూ చంపవచ్చు. బోరు నీటి కాఠిన్యాన్ని (అందులో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదును), వారం వారం మార్చే నీటిలో ఆర్.ఓ. నీటి (లవణాలు దాదాపుగా తీసేసిన శుద్ధ నీటి) పాలు కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గించాలి. మన ఎండాకాలంలో నీరు 28 డిగ్రీలు దాటకుండా ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పి, ఆవిరైన మేరకు ఆర్.ఓ. నీటినే పోయండి, బోరు నీరు పోస్తే లవణాలు పేరుకుపోతాయి.